నెలల లెక్కలో పని: ఒక ముందుమాట

ప్రణాళికల మీద తెలుగులో పుస్తకాలకు కరువు లేదు. పోటీ పరీక్షల పుణ్యమా అని ఏ పుస్తకాల అంగడికి వెళ్లినా అరడజను దొరుకుతాయి. మొదటి ప్రణాళిక ఎప్పుడు మొదలైంది, రెండోదానికి నమూనా గీసింది ఎవరు, మూడోది ఎందుకు దెబ్బతింది అని అడిగితే నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడానికి పనికొచ్చే పుస్తకాలవి. రెండో ప్రణాళిక పక్కన మహలనోబిస్ పేరుకు టిక్కు పెట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ నమూనాను విప్పి, అందులో చేతిమగ్గానికి ఎంత రాశారు, ఉక్కు కర్మాగారానికి ఎంత రాశారు అని చూసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆదోనిలో ఇదే సబ్జెక్టు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి గనక ఈ మాట అనే చనువు నాకుంది.

ఈ పుస్తకం రాసిన అమ్మాయిది పెద్దకడుబూరు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, నల్లరేగడి నేలల్లో ఉన్న ఊరు. డిగ్రీ నా దగ్గరే చదివింది. పై చదువులకు హైదరాబాద్ వెళ్లి, పరిశోధనకు మాత్రం మళ్లీ సొంత మండలానికే వచ్చింది. రాతప్రతి తెచ్చి నా ముందు పెట్టి, "ముందుమాట మీరే రాయల్ల సార్" అంది. "నాకు పొగడడం చేతకాదు తల్లీ, తప్పులు కనిపిస్తే అవీ రాసేస్తాను" అన్నాను. "రాయండి సార్, మీరు చదివినట్టు జనానికి తెలుస్తుంది గదా" అంది. చదవకుండా ముందుమాటలు రాసే పెద్దలుంటారని ఈ తరానికి తెలిసిపోయినట్టుంది.

పుస్తకం ఎత్తుకున్న ప్రశ్న పాతదే. ఒకే సరుకును పదిమంది చేతులతో చేయించవచ్చు, ఒక యంత్రంతోనూ చేయించవచ్చు. డబ్బు తక్కువా మనుషులు ఎక్కువా ఉన్న దేశం ఈ రెంటిలో దేన్ని ఎంచుకోవాలి? 1950లలో ఢిల్లీ, కలకత్తా, కేంబ్రిడ్జి పండితులందరూ దీని చుట్టూ తిరిగినవాళ్లే. వాళ్ల లెక్కలన్నీ ఏడాది ప్రమాణంతో నడిచాయి. ఏడాదికి ఇంత ఉత్పత్తి, ఏడాదికి ఇంతమందికి పని. ఈ అమ్మాయి ఆ ఏడాదిని పన్నెండు ముక్కలు చేసింది. ఏ యంత్రం ఏ నెల పనిని తీసుకుపోతుంది, ఏ పంట ఏ నెలలో పని తెస్తుంది అని అడిగింది. పుస్తకం గొప్పతనమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. తక్కినదంతా దానికి సరంజామా.

సరంజామా కూడా తక్కువదేం కాదు. రెండో అధ్యాయంలో మహలనోబిస్ నాలుగు రంగాల నమూనాను విప్పిన తీరు చూడండి. తెలుగులో ఇంత సాఫీగా చెప్పగా నేను చదవలేదు. 1955లో 'సాంఖ్య' పత్రికలో ఆయన అచ్చువేసిన లెక్క ఇది. అయిదేళ్లలో సుమారు 5,600 కోట్ల పెట్టుబడి పెట్టాలి, ఆదాయం ఏటా 5 శాతం పెరగాలి, 1.1 కోట్లమందికి కొత్తగా పని దొరకాలి. ఒక మనిషికి పని చూపించాలంటే యంత్రాలు తయారుచేసే పరిశ్రమల్లో 20,000 రూపాయలు పడుతుంది. బట్టలు, సబ్బుల వంటివి చేసే ఫ్యాక్టరీల్లో 8,750. సేవల్లో 3,750. సేద్యం, ఇంటి పరిశ్రమలు కలిసిన రంగంలో 2,500 చాలు. పెట్టుబడిలో మూడో వంతు, అంటే సుమారు 1,850 కోట్లు, యంత్ర పరిశ్రమలకని ముందే పక్కన పెట్టేశారు. మిగిలినదాన్ని సమీకరణాలే పంచిపెట్టాయి. సేద్యానికీ ఇంటి పరిశ్రమలకూ వచ్చింది 1,180 కోట్లు. దాంతో పని దొరికేది 47 లక్షలమందికి. యంత్ర పరిశ్రమల 1,850 కోట్లతో దొరికేది 9 లక్షలమందికి.

మహలనోబిస్ అనగానే భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ పొగగొట్టాలు గుర్తొచ్చేవాళ్లు ఈ అంకెలను రెండుసార్లు చదవాలి. ఉద్యోగాల భారమంతా ఆయన మోపింది మగ్గం మీద, మడక మీద. ఉక్కు భవిష్యత్తుకు, మగ్గం ఇప్పటికి. ఆ అంకెలు రాసినాయన ఎమ్మిగనూరు మగ్గాన్ని ఎప్పుడైనా చూశాడో లేదో గానీ, దాని మీద పెట్టుకున్న ఆశ మాత్రం పెద్దది.

ఇక్కడ చదువరికి ఒక అనుమానం రావాలి. అదే నమూనా ప్రకారం ఇంటి పరిశ్రమల్లో రూపాయి పెడితే ఏడాదికి రూపాయి పావలా ఉత్పత్తి వస్తుంది, యంత్ర పరిశ్రమల్లో ఇరవై పైసలే వస్తుంది. అలాంటప్పుడు డబ్బంతా మగ్గాలకే పెట్టొచ్చు కదా? దీనికి జవాబు కోసం ఆర్థికవేత్త మారిస్ డాబ్ దగ్గరికీ, 1960లో 'ఛాయిస్ ఆఫ్ టెక్నిక్స్' అచ్చువేసిన అమర్త్య సేన్ దగ్గరికీ వెళ్లాలి. రచయిత్రి సమీకరణాలతో చెప్పింది. సమీకరణాలంటే జడిసేవాళ్ల కోసం నేను మామూలు లెక్కలో చెబుతాను. అంకెలు నేను వేసుకున్నవి.

ఒకే పెట్టుబడితో నాలుగు చేతిమగ్గాలు గానీ ఒక మరమగ్గం గానీ పెట్టొచ్చనుకుందాం. చేతిమగ్గాల మీద నూలు ఖర్చు పోగా రోజుకు 1,200 రూపాయల విలువ పుట్టింది. నాలుగిళ్ల తిండికీ బట్టకూ 1,160 పోయింది. మిగిలింది 40. మరమగ్గం మీద 900 పుట్టింది, కూలి 400 పోయింది, మిగిలింది 500. ఈ రోజు చూస్తే చేతిమగ్గమే మేలు. సరుకు ఎక్కువ, నాలుగు కుటుంబాలు బతుకుతున్నాయి. మిగులును మళ్లీ పెట్టుబడిగా పెడుతూ పోతే మాత్రం కొన్నేళ్లకు మరమగ్గాల దారిలో వెళ్లినవాడు ముందుకు పోతాడు, అప్పటికి పనులు కూడా అక్కడే ఎక్కువ అవుతాయి. ఎన్నేళ్లు ఆగగలం, ఆ మిగులు నిజంగా పెట్టుబడి అవుతుందా, యజమాని ఇంటి పెళ్లి ఖర్చుకు పోతుందా, అన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది. సేన్ తన పుస్తకం అనుబంధాల్లో అంబర్ చరఖానూ నేత పద్ధతులనూ ఇలాగే తూకం వేశాడు. చరఖా తూకంలో తేలిపోయింది. ఆర్థికవేత్తలు వకీల్, బ్రహ్మానంద మాత్రం 1956లోనే ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. మనిషిని పనిలో పెట్టాలంటే ముందు వాడికి పెట్టడానికి తిండిగింజలూ బట్టా ఉండాలి, అసలు పెట్టుబడి అదే అన్నారు. నాకు ఈ వాదన మీద మొదటినుంచీ మక్కువ. పుస్తకం దీనికి నాలుగు పేజీలే ఇచ్చింది. కరువు సీమ మనిషి పది పేజీలు ఇవ్వాల్సింది.

కరువు అన్నాను గనక ఒక మాట. మన దగ్గర పని కల్పించడానికి లెక్కలు కట్టినవాళ్లలో ప్రణాళికా సంఘం మొదటిది కాదు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1876-78 ధాత కరువులో ఆ జిల్లా పడిన పాట్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అప్పుడు కరువు పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. రచయిత్రి మూడో అధ్యాయంలో ఈ తగవును ఉపాధి నమూనాల చరిత్రలో చేర్చింది. సరైన చోటే చేర్చింది. పనికి ఎంత ఇవ్వాలన్నది ఏ నమూనాలోనైనా మొదటి అంకె.

ఎమ్మిగనూరు అధ్యాయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతులు ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. రచయిత్రి చెప్పింది వేరే. ఢిల్లీ లెక్కల్లో మగ్గం ఒక గడి. ఆ గడిలోకి డబ్బు పోతుంది, బట్ట వస్తుంది. ఆ డబ్బు నూలుగా ఎలా మారుతుంది, ఆ బట్టను ఎవరు కొంటారు అన్నది గడిలో రాయలేదు. నూలు ధర పెరిగినా, బట్ట అమ్ముడుపోకపోయినా మగ్గం ఆగిపోతుంది. అప్పుడు మనిషికి 2,500 లెక్కన పెట్టిన పెట్టుబడి ఉత్త కొయ్యగా మిగులుతుంది. ఎమ్మిగనూరు సంఘం చేసింది సరిగ్గా ఈ గడి బయట పని. నూలు తానే తెచ్చి ఇవ్వడం, నేసిన దానికి మజూరి కట్టివ్వడం, దుప్పట్లూ తువ్వాళ్లూ తానే అమ్మడం. ప్రణాళికా సంఘం పుట్టకముందే, నమూనాలో లేని భాగాన్ని ఒక చిన్న ఊరి సంఘం నింపింది.

ఈ అధ్యాయంలో మగ్గాన్ని ఆమె చూసిన దగ్గరితనం ఆర్థికవేత్తల్లో అరుదు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు ఒక్కడే మనకు కనబడతాడు. సర్కారు లెక్కల్లోనూ చాలాకాలం ఒక మగ్గం అంటే ఒక మనిషే. ఆ గుంట వెనక చిలపల నూలును తడిపి ఆరేసేవాళ్లున్నారు, రాట్నం తిప్పి కండెలు చుట్టే ముసలమ్మ ఉంది, పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లున్నారు, తెగిన పోగులు వెతికి అచ్చు అతికే కోడలుంది. ఆ పోగులు అతకడానికి పట్టే పొద్దును రచయిత్రి పక్కన కూర్చుని గడియారం పెట్టి చూసింది. 2019-20 జాతీయ చేనేత గణనలో కార్మికులు 35.22 లక్షలని తేలితే, అందులో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లేనని కూడా తేలింది. అంతకు పదేళ్ల ముందు గణనలో మొత్తం 43.31 లక్షలు. తగ్గిన ఎనిమిది లక్షల చిల్లరలో రాట్నం దగ్గర కూర్చునే ముసలమ్మలు ఎందరో ఎవరూ చెప్పలేరు. వాళ్లు చేసే పని ఇంటి పనిలో కలిసిపోయి ఉంటుంది గనక, పోయినప్పుడు కూడా పోయినట్టు కనబడదు.

మరమగ్గాల కథను ఆమె వేగంగా దాటేసింది. నేను కొంచెం ఆపుతాను, ఎందుకంటే ప్రణాళికలు వేసేవాళ్లకు అంతకు మించిన పాఠం లేదు. 1954లో కనుంగో కమిటీ చేతిమగ్గాలను మెల్లగా మరమగ్గాలుగా మార్చాలంది. మరుసటి ఏడు కార్వే కమిటీ వద్దంది, మిల్లుల నేతను పెరగనీయకుండా ఆపి, అదనంగా కావలసిన బట్టను చేనేతకు వదలాలంది. కార్వే గెలిచాడు. మిల్లులను కట్టేశారు. కానీ బట్టకు గిరాకీ పెరుగుతూనే ఉంది. ఆ ఖాళీలోకి లైసెన్సు ఉన్నా లేకపోయినా మరమగ్గం దొడ్డిదారిన దూరింది. చేనేతకు వదిలిన రకాలను కూడా అది నేసేసింది. అందుకే 1985లో 22 రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం తేవాల్సి వచ్చింది. దాని మీద కోర్టు కేసులు నడిచాయి, 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది, తర్వాత మూడేళ్లకే ప్రభుత్వం 22ను 11కి తగ్గించింది. మిల్లా, మగ్గమా అని పెద్దలు వాదించుకుంటుంటే, ఇద్దరూ ఎంచుకోని మూడోది వచ్చి కూర్చుంది. కమిటీలకు చేనేతలో ఎన్ని పనులున్నాయో తెలుసు, అవి ఏ దారిన జారిపోతాయో తెలియలేదు. 1930లోనే చేనేత ఆర్థికం మీద పుస్తకం రాసిన మన రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి పేరును రచయిత్రి ఈ సందర్భంలో తలవడం బాగుంది. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య గారినీ ఒక వాక్యంలో తలుచుకుని ఉంటే ఇంకా బాగుండేది.

ఇక పెద్దకడుబూరు. పుస్తకానికి గుండెకాయ అయిదు, ఆరు అధ్యాయాలు. అయిదోదాని మొదట్లోనే ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. పత్తి విచ్చుకునే కాలంలో ఈ మండలంలో ఏ రైతును అడిగినా కూలీలు దొరకడం లేదంటాడు. సంక్రాంతి దాటాక అదే ఊళ్లో ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి, జనమంతా సుగ్గికి పోయి ఉంటారు. మిగతా జిల్లాల పాఠకులకు చెప్పాలి, సుగ్గి అంటే పంట కోతల కాలంలో ఊరు విడిచి కూలికి పోవడం. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి గుంటూరు మిరపచేలకు లారీల్లో, బొలేరోల్లో పోతారు. బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో పోయి ఉగాది నాటికి తిరిగొస్తారు. కూలీల కొరత, నిరుద్యోగం ఒకే ఊళ్లో ఒకే ఏడాదిలో ఉంటే ఏడాది లెక్కలు ఆ రెంటినీ కలిపి కొట్టేస్తాయి. సగటున అంతా సరిపోయినట్టు చూపిస్తాయి.

అందుకే ఆమె నెలనెలా పని లెక్క రాసింది. ఈ పద్ధతికి మన దగ్గరే ముందు నడిచినవాళ్లున్నారు. పటాన్‌చెరువులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వంటి ఊళ్లలో మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి ఎవరు ఎన్ని రోజులు ఏ పని చేశారో రాయించింది. ఆ ఇక్రిశాట్ నుంచే 1978లో హాన్స్ బిన్స్‌వాంగర్ ట్రాక్టర్ల మీద పుస్తకం తెచ్చాడు. ఉపఖండంలో జరిగిన పరిశీలనలన్నీ జల్లెడ పట్టి, ట్రాక్టరు వల్ల దిగుబడి పెరిగిందనడానికి గట్టి సాక్ష్యం లేదు, ఎద్దుల చోటూ కొంత మనుషుల చోటూ అది తీసుకుందని తేల్చాడు. కరీంనగర్ బిడ్డ, ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేసిన సి.హెచ్. హనుమంతరావు గారు అంతకు మూడేళ్ల ముందే ఇంకో తేడా చూపించారు. నీరు, మంచి విత్తనం, ఎరువు మనుషులకు పని పెంచుతాయి. యంత్రాల సంగతి వేరు. రెంటినీ ఆధునిక సేద్యం అనే ఒకే గంపలో వేయొద్దన్నారు.

ఆమె ఈ రెంటికీ నెలలు తగిలించింది. అక్కడ వచ్చిన ఫలితం నన్ను కూడా ఆలోచనలో పడేసింది. మా ప్రాంతంలో వేసవి పనిని మింగింది యంత్రం కాదట, పంట మారడం. వేరుశనగ ఎక్కువగా వేసే రోజుల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని విత్తనం కాయలు ఒలిచేవాళ్లు. మిషనుకు పోస్తే పప్పు పగులుతుంది, పైపొర లేస్తుంది, మొలక రాదు. అందుకని నూనెకు పోయే కాయలు మిల్లులో ఒలిచినా విత్తనాలు చేత్తోనే ఒలవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాయ మొన నొక్కితే టప్పున విచ్చుకునేది. సాయంత్రానికి వేళ్ల కొనలు మండేవి, గుడ్డపేలికలు చుట్టుకునేవాళ్లు. కూలి తక్కువే, కానీ వేరే పనేమీ లేని నెలల్లో వచ్చేది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పత్తి కమ్ముకుంటూ పోయింది. దాంతో అక్టోబరు నుంచి జనవరి దాకా పని పెరిగింది, మే నెల పని పోయింది. ఏడాది మొత్తం మీద పని రోజులు పెరిగాయని ఎవరైనా అంటే అబద్ధం కాదు. ఆ పెరిగిన రోజులు మనుషులు దొరకని నెలల్లో పడ్డాయి, పోయిన రోజులు మనుషులు ఖాళీగా ఉండే నెలల్లోవి.

ఈ చూపుతో చూస్తే పత్తి తీసే యంత్రం గురించి మనం మామూలుగా పడే భయం కూడా కొంచెం మారుతుంది. ఆ యంత్రం నడవాలంటే చెట్లన్నీ ఒకే ఎత్తులో, కాయలన్నీ ఒకేసారి విచ్చుకోవాలి, ముందుగా మందు కొట్టి ఆకు రాల్చాలి. మన చేలల్లో పత్తి విడతలు విడతలుగా పగులుతుంది, ఒడి కట్టుకున్న ఆడమనిషి మూడు నాలుగు సార్లు అదే సాలు వెంట నడుస్తుంది. దగ్గర దగ్గరగా నాటే రకాలు వస్తే యంత్రమూ వస్తుంది, అది పని ముమ్మరంగా ఉండే నెలల పనిని తీసుకుంటుంది. కలుపు మందు అలా కాదు. అది ప్రణాళికల్లోంచి రాలేదు, సబ్సిడీల్లోంచి కూడా అంతగా రాలేదు. ఎరువుల అంగడి అరమీద సీసాగా వచ్చి ఆగస్టు, సెప్టెంబరు కలుపు పనిని మెల్లగా తినేసింది. వానలు తప్పిన ఏడాది కూలిజనానికి సుగ్గిదాకా ఆధారం ఆ పనే. రెంటిలో ఏది ఎక్కువ కీడు అంటే పేరు పెద్దదైన యంత్రం వైపే అందరం వేలు చూపిస్తాం. రచయిత్రి లెక్క సీసా వైపు చూపిస్తుంది.

నీటి సంగతీ అంతే. తుంగభద్ర దిగువ కాలువకు 24 టీఎంసీల కేటాయింపు ఉంది. కాగితం మీది నీళ్లు ఎగువన ఎంత ఆగుతాయో, ఆయకట్టు చివరికి ఎంత చేరతాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లు ఫిబ్రవరి, మార్చిలో చేనికి చేరితే రెండో పంట పని సరిగ్గా సుగ్గి నెలల్లో పడుతుంది. కాలువకు సిమెంటు లైనింగ్ చేయాలా, ఇంకో ఎత్తిపోతల పెట్టాలా అని ఇంజనీర్లు బేరీజు వేసేటప్పుడు పని దొరికే నెలలను కూడా ఒక వరుసగా వేసుకోవాలని ఈ పుస్తకం అడుగుతోంది. అది అడగదగిన మాటే.

ఆరో అధ్యాయంలో ఉపాధి హామీ మీద రాసిన భాగం పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది. 2005 నాటి చట్టం పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. దాని మీద వచ్చిన రాతలన్నీ కూలి గురించీ, అవినీతి గురించీ. ఈమె దాన్ని టెక్నాలజీ ఎంపిక చట్టంగా చదివింది. కాంట్రాక్టర్లు వద్దు, మనుషుల చోట యంత్రాలు వద్దు, ఖర్చులో నూటికి 60 వంతులకు తగ్గకుండా కూలికే పోవాలి, సామాన్లకు 40 మించొద్దు. పండితులు నమూనాల్లో వాదించుకున్న సంగతిని పార్లమెంటు రెండు మూడు నిబంధనల్లో రాసేసింది. పైగా ఆ పని వేసవిలోనే ఎక్కువ నడవడంతో, వేరుశనగ ఒలుపుతో పోయిన నెలలే కొంతైనా తిరిగొచ్చాయి. ఇంత తేటగా ఇదివరకు ఎవరైనా చెప్పారేమో నాకు తెలియదు, నేను మాత్రం ఇక్కడే చదివాను.

ఇప్పుడు నా తగువు. పని లేని నెలలో మనిషి శ్రమకు లెక్కలో ఎంత కూలి వేయాలి? 1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం పార్థ దాస్‌గుప్తా, స్టీఫెన్ మార్గ్లిన్, అమర్త్య సేన్ రాసిన మార్గదర్శకాల నుంచీ ఈ ప్రశ్న నడుస్తోంది. ఊళ్లో పని లేదు గనక అతని శ్రమ సమాజానికి ఉచితం, సున్నా వేసుకోవచ్చు అన్నది ఒక తేలిక దారి. రచయిత్రి ఆ దారి పట్టలేదు, సంతోషం. గుంటూరులో దొరికే కూలిలోంచి దారి ఖర్చులు తీసి ఆ అంకె వేసింది. నా అభ్యంతరం ఏమిటంటే, ఖర్చుల్లో ఆమె లారీ కిరాయినీ అక్కడి కట్టెల ఖర్చునూ రాసింది గానీ బడి మానేసిన పిల్లవాడి ఏడాదిని రాయలేదు. అడిగితే, "దానికి రేటు యాడ దొరుకుతుంది సార్?" అంది. రేటు దొరకనిదాన్ని వదిలేయడం అర్థశాస్త్రంలో పాత జాడ్యం. 1975లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం రాసిన పుస్తకంలో సేన్ పనికి మూడు ముఖాలున్నాయన్నాడు: దాని వల్ల వచ్చే ఆదాయం, దాని వల్ల పుట్టే సరుకు, నేను పనిచేస్తున్నానన్న గుర్తింపు. మూడోదానికి రేటు లేదు, అయినా ఆయన దాన్ని వదల్లేదు. సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో ఉండి చదివిన మనిషి ఈ పుస్తకం రాసింది. అంకె వేయలేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి, ఇది ఖాళీ అని రాసినా సరిపోయేది.

రెండో తగువు మా ఊరిది. రెండో బొంబాయి అని పేరు మోసిన ఆదోనిని పెట్టుకుని జిన్నింగ్ మిల్లుల మీద ఒక్క అధ్యాయం లేకపోవడం అన్యాయం. ఒకప్పుడు ఈ పత్తి 'వెస్టర్న్స్' అన్న పేరుతో బయటి బజార్లకు పోయేది. మిల్లుల్లో రోలర్ జిన్నుల వరసల ముందు ఆడవాళ్లు నిలబడి గంపల్తో తెచ్చిన పత్తిని చేత్తో అందించేవాళ్లు, దూది నుసి కనురెప్పల మీద తెల్లగా పేరుకునేది. 2000లో వచ్చిన పత్తి టెక్నాలజీ మిషన్ మిల్లులను బాగుచేసుకోవడానికి సబ్సిడీ ఇచ్చింది. ఉద్దేశం చెత్త లేని దూది. చేయి తగలకుండా గొట్టాల్లో పీల్చుకుపోయి, తనంతట తానే జిన్నులో పడే ఏర్పాట్లు వచ్చాయి. దూది శుభ్రపడింది, ఊపిరితిత్తులకూ మేలే జరిగింది. గంపలు మోసేవాళ్ల గురించి మాత్రం ఎక్కడా ఏ కాగితంలోనూ ప్రశ్న వేసినట్టు నేను చూడలేదు. ఉపాధి అన్న మాటే ఎత్తకుండా జరిగే ఇలాంటి ఎంపికలే ఇప్పుడు ఎక్కువ. 2015లో ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది, ఇక నమూనాలెందుకు అనేవాళ్లకు ఇదే నా జవాబు. నమూనా పేరు చెప్పకుండా సబ్సిడీ కాగితాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి.

భాష గురించి ఒక్క ముక్క. గణితం ఉన్న పేజీలను అనుబంధంలోకి నెట్టి, అసలు పుస్తకాన్ని రైతుకూ నేతగాడికీ అర్థమయ్యేలా రాసింది. గొర్రు, గుంటక, అచ్చు, కండె అన్న మాటలు అర్థశాస్త్ర గ్రంథంలో ఇంత సహజంగా కూర్చోవడం చూసి ముచ్చటేసింది. నాలుగైదు చోట్ల వాక్యాలు మరీ పొడుగయ్యాయి, ప్రూఫులు చూసినవాళ్లు పట్టుకోలేదు.

కర్నూలు కలెక్టరేట్‌లో జిల్లా ప్రణాళికలు తయారుచేసేవాళ్లు మొత్తం పుస్తకం చదవడానికి తీరిక లేకపోతే ఆరో అధ్యాయం చివరి పట్టిక ఒక్కటి చూడండి. పన్నెండు నెలలు అడ్డంగా, పనులు నిలువుగా. యంత్రానికి అప్పు ఇచ్చే బ్యాంకు మేనేజర్లు కూడా అది ఏ గడిని కొట్టేస్తుందో ఒకసారి వేలు పెట్టి చూసుకోవచ్చు. జిన్నింగ్ మిల్లుల అధ్యాయం రెండో ముద్రణలో కలుపుతానని ఈ అమ్మాయి నాకు మాట ఇచ్చింది. మాట తప్పితే ఈ పేజీ చూపించి అడగవలసిందిగా పాఠకులకు మనవి.